దిష్టిబొమ్మ చొక్కా

ఛత్రపురం దాటి చమఖండి వైపు వెళ్తుంటే రోడ్డు పక్క వంగతోటలో ఒక దిష్టిబొమ్మ నిలబడి ఉంది. తలకాయకి బదులు బోర్లించిన మసికుండ, దాని మీద సున్నపు బొట్లు. ఒంటికి మాత్రం ఇంకా పూర్తిగా వెలిసిపోని నీలం టీషర్టు. రొమ్ము మీద సూరత్‌లోని ఏదో బట్టల కొట్టు పేరు గుజరాతీలో ఉంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఇది వింతేం కాదు. ఇక్కడి పల్లెల కుర్రాళ్లు ఏళ్ల తరబడి సూరత్ మరమగ్గాల మీదే బతుకుతున్నారు. పండక్కి తెచ్చుకున్న చొక్కా మొదట పెళ్లిళ్లకీ పేరంటాలకీ, తర్వాత పొలం పనికీ, ఆఖరికి దిష్టిబొమ్మకీ. ఒక్క గుడ్డకి మూడు జన్మలు.

ఆ మూడో జన్మ ఎత్తిన చొక్కా గురించే ఈ కథనం. ఇది మొదలైంది మాత్రం ఇక్కడ కాదు, ఉగాండాలో.

అక్కడ బ్విండి అని ఒక కొండ అడవి. లోకం మొత్తం మీద కొండ గొరిల్లాలు మిగిలింది రెండే చోట్ల. ఒకటి ఈ బ్విండి, రెండోది విరుంగా అగ్నిపర్వతాల వరస. బ్విండిలో అడవి ఎక్కడ ఆగుతుందో అక్కడే పొలం మొదలవుతుంది. మధ్యలో బీడు భూమి గానీ, చెప్పుకోదగ్గ కంచె గానీ లేదు. గొరిల్లాకి అరటి దూట అంటే ప్రాణం. పొద్దున్నే గుంపుగా దిగి అరటి బోదెలు చీల్చి లోపలి దూట తిని పోతాయి. రైతు ఏం చేస్తాడు? మనవాడు చేసిందే చేశాడు. రెండు కర్రలు అడ్డంగా కట్టి పాత చొక్కా తొడిగాడు.

1996లో ఆ అడవిలో ఒక చిన్న గుంపు గొరిల్లాలకి వెంట్రుకలు రాలిపోవడం మొదలైంది. తోలు తెల్లగా పొట్టు లేచి, రాత్రీ పగలూ గోక్కోవడమే. గ్లాడిస్ కలేమా-జికుసోకా అనే పశువైద్యురాలు అప్పుడే ఉద్యోగంలో చేరింది. వయసు ఇరవై ఆరు. ఉగాండా వన్యప్రాణి శాఖలో ఆమే తొలి పశువైద్యురాలు. చూసి తేల్చింది ఏమిటంటే, గజ్జి. మన హాస్టల్ పిల్లలకి వేళ్ల సందుల్లో వచ్చే గజ్జే. తల్లి రొమ్ముకి అతుక్కుని ఉండే పసిగొరిల్లాకి అది అందరికంటే ఎక్కువ పాకింది. ఆ పసిది బతకలేదు. మిగతావాటికి ఐవర్‌మెక్టిన్ ఇస్తే కోలుకున్నాయి. మన పశువుల ఆసుపత్రిలో మేకల గజ్జికి ఇచ్చే మందూ అదే.

మరి అడవిలో గొరిల్లాకి గజ్జి ఎలా అంటుకుంది? ఆరా తీస్తే దారి పొలాల మీదుగా అడవి అంచు ఇళ్లకి వెళ్లింది. అక్కడ చాలామందికి ఒళ్లంతా దురదలు. ఆసుపత్రి ఎక్కడో దూరాన. పడుకునే దుప్పటి ఇంటిల్లిపాదికీ ఒక్కటే. ఆ ఇళ్లలో వాడి వాడి పారేసిన గుడ్డలే దిష్టిబొమ్మల మీదికి ఎక్కాయి. పొలంలో అడుగుపెట్టిన గొరిల్లా కొత్త వస్తువు కనిపిస్తే ఊరుకోదు. పట్టుకుని చూస్తుంది, లాగుతుంది, వాసన చూస్తుంది. గజ్జి అలాగే పాకి ఉంటుందని ఆమెకి గట్టి అనుమానం.

ఈ కథలో నాకు బాగా నచ్చింది ఆ తర్వాత ఆమె చేసిన పని. గొరిల్లాలకి మందు వేసి చేతులు దులుపుకోలేదు. గొరిల్లా బాగుండాలంటే ముందు పక్క ఊరి మనిషికి గజ్జి తగ్గాలి అంది. 2003లో కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్ అనే సంస్థ పెట్టింది. ఊరికి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు. ఇంటింటికీ తిరిగి ఎవరికి దగ్గు, ఎవరికి విరేచనాలు, ఎవరు క్షయ మందు మధ్యలో మానేశారు అని అడుగుతారు. చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి, కుటుంబ నియంత్రణ గురించి చెబుతారు. పోతూ పోతూ ‘మీ పొలంలోకి గొరిల్లా వచ్చిందా?’ అని కూడా అడుగుతారు. మన ఆశా కార్యకర్తకి అటవీ శాఖ పని కూడా అప్పగిస్తే ఎలా ఉంటుందో అలా.

కొండ గొరిల్లాలు తాజా లెక్కల్లో 1,063. పెద్ద వానర జాతుల్లో సంఖ్య పెరుగుతూ వస్తున్నది ఇదొక్కటే. వాటిని చూడ్డానికి వెళ్లేవాళ్లకి పెట్టే షరతులు చూస్తే మన పెళ్లిచూపులు నయం అనిపిస్తుంది. గుంపుకి రోజుకి ఎనిమిది మందే. గంటే సమయం. జలుబు ఉంటే వెనక్కి పంపేస్తారు. ఏడు మీటర్ల ఎడం ఉండాలనేవారు, కోవిడ్ తర్వాత పదికి పెంచారు. మూతికి మాస్కు తప్పనిసరి. ఇంతా ఎందుకంటే మనకీ గొరిల్లాకీ జన్యువుల్లో తేడా రెండు శాతం లోపే. మనకి రెండు రోజుల తుమ్ములతో పోయే జలుబు వాటికి న్యుమోనియా అవుతుంది. ఎబోలా వస్తే ఇక చెప్పక్కర్లేదు. 2002, 2003 సంవత్సరాల్లో కాంగోలోని లోసి అడవిలో ఎబోలాకి ఐదు వేల దాకా గొరిల్లాలు పోయి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా.

గొరిల్లాకి మనిషి దగ్గరి చుట్టం కాబట్టి మనిషి రోగం దానికి అంటింది. అయితే గంజాంలో ఈ ప్రశ్న ఇలా అడగాలి. ఇక్కడి అడవి జంతువుకి ఊళ్లో దగ్గరి చుట్టం ఎవరు?

జవాబు మేక.

భేట్నై వాళ్ల జింకలు

ఆస్కా దాటాక భేట్నై, బలిపదర్, బుగుడ వైపు పొలాల్లో పొద్దున పూట నిలబడితే చాలు. టిక్కెట్టు లేదు, జీపు లేదు. పెసర చేలో కృష్ణజింకల గుంపు తల దించుకుని మేస్తుంటుంది. మగది నల్లగా నిగనిగలాడుతూ, మెలికలు తిరిగిన కొమ్ములతో గట్టు మీద నిలబడి చూస్తుంటుంది. యాభై గజాల అవతల మేకలు. మేకల వెనక గొడుగు వేసుకున్న కుర్రాడు. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు.

ఇది అభయారణ్యం కాదు, రైతుల పట్టా భూమి. పూర్వం ఒకసారి దీర్ఘకాలం వానల్లేక అల్లాడుతుంటే ఒక జింకల గుంపు ఊళ్లోకి వచ్చిందనీ, ఆ వెనకే వాన పడిందనీ ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. అప్పటినుంచీ వాటి మీద చెయ్యి వెయ్యరు. చేను మేసినా అదిలించరు. వేటగాడు కనిపిస్తే మాత్రం ఊరు ఊరంతా కదులుతుంది. పూరీ దగ్గర బాలుఖండ్-కోణార్క్ అభయారణ్యంలో చట్టం ఉండి, గార్డులు ఉండి కూడా ఈ జింకలు కనుమరుగైపోయాయి. ఇక్కడ పొలంలో మాత్రం పెరిగాయి. గంజాంలో 2011 లెక్కకి 2,194 ఉన్నవి 2021కి 7,358 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నది ఈ కృష్ణజింకనే. కానీ మన రోళ్లపాడు అభయారణ్యం కంటే గంజాం చేలల్లోనే అది నిబ్బరంగా తిరుగుతోందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

అయితే పెరిగిన సంఖ్యకి ఒక మెలిక ఉంది. వేటగాణ్ణి తరమడం ఊరికి తెలుసు. కంటికి కనిపించనిదాన్ని ఎలా తరుముతారు? కృష్ణజింక, మేక, గొర్రె, ఆవు అన్నీ ఒకే కుటుంబం, నెమరువేసే డెక్కల జంతువులు. గాలికుంటు, పారుడు రోగం (మన డాక్టర్లు పీపీఆర్ అంటారు), గొంతువాపు. ఇవేవీ ఇది మేక, ఇది జింక అని తేడా చూడవు. గొరిల్లాకి మనం ఎంతో, కృష్ణజింకకి మేక అంత.

దీన్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఎక్కడో జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పాలి. కజకస్తాన్ గడ్డి మైదానాల్లో సైగా అనే జింకలుంటాయి. ముక్కు ఏనుగు తొండంలా కిందికి వేలాడుతుంది. కృష్ణజింకకి దూరపు చుట్టాలే. 2015 మే నెలలో, ఈనే కాలంలో, మూడు వారాల్లో రెండు లక్షలకి పైగా సైగాలు చచ్చిపడ్డాయి. తల్లి పక్కన పిల్ల, పిల్ల పక్కన తల్లి. కారణం పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి. మామూలు రోజుల్లో అది జంతువు గొంతులో ఏ హానీ చెయ్యకుండా పడి ఉంటుంది. ఆ ఏడు అదనుగాని వేడి, గాలిలో తేమ పెరిగాయి. లోపల నిద్రపోతున్నది లేచింది.

వేడి, గాలిలో తేమ. గంజాం వాడికి ఈ రెండు మాటలూ వేరే చెప్పాలా?

అదే పాశ్చురెల్లా మన పక్కనే, కలహండి జిల్లా కర్లాపట్ అభయారణ్యంలో, 2021 ఫిబ్రవరిలో కనిపించింది. వరసగా ఆరు ఏనుగులు చనిపోయాయి. మొదట విషప్రయోగం అన్నారు, వేటగాళ్లన్నారు. శవపరీక్ష చేస్తే గొంతువాపు వ్యాధి. మన రైతులు గురక రోగం అంటారు. వానాకాలం ముందు గేదెలకి సూది వేయించేది దీనికే. అడవి లోపలి ఊళ్ల పశువులూ ఏనుగులూ ఒకే నీటి దగ్గర తాగుతాయి. అధికారుల అనుమానం ఆ నీటి మీదికే పోయింది. చుట్టుపక్కల ఊళ్ల పశువులకి హడావిడిగా టీకాలు వేశారు. ఏనుగు అంత జంతువుని పడగొట్టింది ఆవు గొంతులోని పురుగు అని తెలిశాక, అడవిని కాపాడడం అంటే ఏమిటో కొత్తగా ఆలోచించాల్సి వస్తుంది.

చుట్టరికం లేకపోయినా ఒక్కోసారి రోగం దాటుతుంది. హైదరాబాద్ జూ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో నెహ్రూ జూపార్కు సింహాలు దగ్గడం, తిండి మానెయ్యడం మొదలుపెట్టాయి. అప్పటికే జూ సిబ్బందిలో కోవిడ్ ఉంది. నమూనాలు సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాలకి వెళ్లాయి. ఎనిమిది సింహాలకి కోవిడ్ అని మే 4న ప్రకటించారు. దేశంలో జంతువులకి కోవిడ్ బయటపడడం అదే మొదలు. అవి కోలుకున్నాయి. చెన్నై పక్క వండలూరు జూలో మాత్రం మరుసటి నెలలో సింహాలు చచ్చిపోయాయి. ఆ రోజుల్లో జూ మూసేసి జనాన్ని ఆపగలిగారు. పెసర చేనుకి గేటెక్కడుంది?

సూది ఆవుకి, మంద అడవికి

టాంజానియాలో సెరెంగెటి మైదానం టీవీల్లో అందరూ చూసిందే. లక్షల వైల్డ్‌బీస్ట్‌లు నది దాటుతుంటే మొసళ్లు కాచుకుని ఉంటాయి. 1960ల మొదట్లో అవి రెండున్నర లక్షల చిల్లరే. 1970ల చివరికి పదమూడు లక్షలు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఐదింతలు. ఒక్క వైల్డ్‌బీస్ట్‌కి కూడా ఎవరూ సూది వెయ్యలేదు. చుట్టుపక్కల పశువుల కాపర్ల ఆవులకి వేశారు, ముసర వ్యాధికి. ఆవుల్లో ముసర పోయింది, దాంతో అడవి దూడలు చావడం మానేశాయి. కథంతా ఇంతే. నాకు తెలిసి అడవి జంతువులకి మనిషి చేసిన మేళ్లలో ఇంత పెద్దది, ఇంత చప్పుడు లేనిది ఇంకోటి లేదు.

ముసర మన దేశంలోనూ మందలకి మందల్ని తుడిచిపెట్టిన రోగమే. 2006లో దేశం దాన్నుంచి బయటపడిందని గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం మొత్తం మీద అది లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమి మీద లేకుండా చేసిన రెండో రోగం అదే. మన పత్రికల్లో ఆ రోజు ఏ మూల పడిందో గాని, పండగ మాత్రం ఎవరూ చేసుకోలేదు.

ఇప్పుడు అదే పద్ధతి గాలికుంటు మీద నడుస్తోంది. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పశువులకి చెవిపోగు వేస్తున్నారు. పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద పన్నెండు అంకెలు. ఆవు ఆధార్ అని జనం పెట్టిన పేరు. ఆరు నెలలకోసారి సూది. పీపీఆర్ సూది ఒకసారి వేస్తే కనీసం మూడేళ్లు కాస్తుంది. 2030కల్లా పీపీఆర్‌ని కూడా ముసర పక్కకి పంపాలని ప్రపంచ లక్ష్యం. గంజాం కృష్ణజింకకి దీని కంటే గట్టి కంచె నాకు కనిపించడం లేదు. కాకపోతే ఆ కంచె కట్టాల్సింది మేకలకి.

కుక్కల గురించి ఒక మాట. ఊరకుక్కలు జింక పిల్లల్ని తరిమి చంపుతాయి. ఋషికుల్య మొగ దగ్గర ఇసకలో తాబేటి గుడ్లు తవ్వి తింటాయి. అది కంటికి కనిపించే నష్టం. కనిపించనిది 2018లో గిర్ అడవిలో తెలిసింది. అప్పుడు చనిపోయిన ఇరవై మూడు సింహాల్లో కొన్నింటి ఒంట్లో కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది. పిచ్చికుక్క సంగతి సరేసరి. కుక్కకి సూది వేయించడం మనిషికీ జింకకీ ఒకే ఖర్చుతో అయ్యే మేలు.

రోగం ఎదురు దిశలో, జంతువు నుంచి మనిషికి వచ్చే దారి కూడా మనకి దగ్గర్లోనే ఉంది. కోరాపుట్ కొండల్లో, ఇటు అరకు ఏజెన్సీలో దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) ఇప్పటికీ అప్పుడప్పుడూ తలెత్తుతుంది. చచ్చిన పశువుని కోసి పంచుకు తింటారు. కోసిన చేతికి నల్ల పుండు. చదువు లేకే అంటారు పట్నం వాళ్లు. మాంసం దొరికేదే ఏడాదికి నాలుగుసార్లయితే, కళ్ల ముందు పడి ఉన్న పశువుని పూడ్చెయ్యమంటే మనసు ఎలా ఒప్పుతుంది? దొమ్మ గింజలు మట్టిలో పదుల ఏళ్లు బతుకుతాయి. చచ్చాక పూడ్చమని చెప్పడం కంటే బతికుండగా సూది వెయ్యడం సుళువు, చవక కూడా.

అసలు అంటురోగం ఎలా ప్రయాణం చేస్తుందో గంజాంకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2020 మేలో సూరత్ నుంచి రైళ్లు వచ్చాయి. మగ్గాలు ఆగిపోయిన మనుషులు ఒక్కసారి ఇంటికొచ్చారు. ఊరి బడులే క్వారంటీన్ గదులయ్యాయి. సర్పంచులకి కలెక్టరు అధికారాలిచ్చారు. కొన్నాళ్లు ఒడిశాలో అన్నిటికంటే ఎక్కువ కేసులు ఈ జిల్లావే. సొంత కొడుకుని బడి గోడ అవతల నిలబెట్టి, గిన్నె నేల మీద పెట్టి వెనక్కి జరిగిన తల్లులున్న జిల్లా ఇది. ఎడం అంటే ఏమిటో తెలుసు.

అదే ఏడు బ్విండిలో పర్యాటకులు ఆగిపోయారు. జనం చేతిలో డబ్బు ఆగిపోయింది. కొందరు ఉచ్చులు పట్టుకుని అడవిలోకి వెళ్లారు. జూన్‌లో రఫికి అనే వెండివీపు మగ గొరిల్లా ఒక వేటగాడి బల్లెం పోటుకి చనిపోయింది. అతను చిన్న జంతువుల కోసం వెళ్లానన్నాడు. పదకొండేళ్లు జైలు పడింది. గొరిల్లా కాపలా అంతా ఆ పొరుగు ఊరి పొయ్యి మీద ఆధారపడి ఉందని ఒక్క దెబ్బతో తెలిసిపోయింది. అక్కడ ఆ సంగతి ముందే కొంత గ్రహించారు. పార్కు గేటు వసూళ్లలో ఇరవై శాతం చుట్టుపక్కల ఊళ్లకి ఇవ్వాలని ఉగాండా చట్టం. పక్క దేశం రువాండాలో గంటసేపు గొరిల్లాని చూడాలంటే 2017 నుంచి పదిహేను వందల డాలర్లు. అందులోంచీ ఊళ్లకి వాటా వెళ్తుంది.

భేట్నైలో గేటు లేదని చెప్పాను కదా.

చమఖండిలో తిరిగి ఆ దిష్టిబొమ్మ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. వంగతోట యజమానురాలు మేకల్ని తోలుకొస్తోంది. ఏడెనిమిది ఉంటాయి. రెండిటి చెవులకి పసుపు బిళ్లలున్నాయి, మిగతావాటికి లేవు.

“వీటికి సూది వేయించలేదేం మామ్మా?” అన్నాను.

“ఏస్తారు బాబూ, ఆలొచ్చిన్రోజు నాను మేకల్ని తోలుకెల్లిపోనాను.” దాచడానికేం లేదన్నట్టు నవ్వింది. “కిందటి పాలి ఏసినప్పుడు రెండ్రోజులు పాలే ఇవ్వలేదు. సూడిమేక ఈసుకుపోతాదని బయ్యం ఒకటి.”

సూడి మేకని ముందే చెబితే దానికి ఎలా వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో డాక్టరే చూసుకుంటాడనీ, పాలు రెండు రోజుల్లో మళ్లీ వస్తాయనీ చెప్పాను. వింది. కూతుర్ని ఆస్కా అవతల ఇచ్చిందట. అల్లుడి పొలంలోకి జింకలు వస్తాయట. వాటిని కొట్టకూడదని అక్కడివాళ్లు మొదటి రోజే చెప్పారట.

“మరి ఆ జింకలకీ సూదేస్తారేటి?”

“లేదు మామ్మా. జింకలకి వెయ్యరు. అక్కడి మేకలకి వేస్తారు. మేకకి రోగం లేకపోతే జింకకి రాదు.”

కాసేపు మేకల వంక చూసింది. ఒక మేక దిష్టిబొమ్మ టీషర్టు అంచు నములుతోంది. దాన్ని కర్రతో అదిలించి నా వైపు తిరిగింది.

“అయితే ఆ రెండ్రోజుల పాల డబ్బులు మా పిల్లకి ఎవులిస్తారు బాబూ?”